మిర్చి ఎండేదాకా

ద్రోణి మళ్లీ బయలుదేరింది. విదర్భ నుంచి మరాఠ్వాడా, అంతర్గత కర్ణాటక మీదుగా కేరళ దాకా, సముద్రమట్టానికి 0.9 కిలోమీటర్ల ఎత్తులో కొనసాగుతోందట. రాత్రి వార్తల్లో ఆ అమ్మాయి నవ్వుతూ ఈ మాట చదువుతుంటే నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. మూడు రాష్ట్రాల యాత్ర! దానికి సెలవు చీటీ లేదు, పిల్లల పరీక్షలు లేవు, కిటికీ పక్క సీటు ఎవరిదన్న పంచాయితీ లేదు, ఘాట్ రోడ్డు మీద ఎవరికి కడుపులో తిప్పుతుందోనని నిమ్మకాయలు జేబులో వేసుకోవడం లేదు. బుద్ధి పుట్టినప్పుడు లేస్తుంది, పోతుంది. పోతూ పోతూ మా ప్రయాణం ఆపి మరీ పోతుంది.

మేమేమీ కేరళ పోదామనుకోలేదు. జన్నారం పోదామనుకున్నాం.

ఇలాంటి ప్లాన్ మీ ఇంట్లోనూ ఒకటి ఉండే ఉంటుంది కాబట్టి మాది రెండు ముక్కల్లో చెప్తాను. తెల్లారేసరికి కరీంనగర్ దాటి, జగిత్యాల మీదుగా ధర్మపురి నరసింహస్వామికి దండం పెట్టుకుని, రాయపట్నం వంతెన మీద గోదావరి దాటి, లక్సెట్టిపేట నుంచి జన్నారం. కవ్వాల్ అడవి ఒడ్డున ఒక రాత్రి. మర్నాడు ఉట్నూరు, ఇంద్రవెల్లి, గుడిహత్నూరు. అక్కడ హైవే ఎక్కి కుంటాల, పొచ్చెర. నిర్మల్‌లో కొయ్యబొమ్మలు బేరమాడి ఇంటికి. మొత్తం ఏడుగురం: నేను, మా ఆవిడ, అవ్వ, అమ్మాయి, అబ్బాయి, మా బామ్మర్ది, అతని భార్య. కారు బామ్మర్దిది. కాబట్టి నాయకత్వమూ అతనిదే.

ఎప్పుడు పోవాలన్న దగ్గరే బండి దిగబడింది. కుంటాల జలపాతం 147 అడుగులు. కానీ అది దూకేది వానకాలంలో. అప్పుడు పోదామంటే టైగర్ రిజర్వు గేట్లు జూలై నుంచి సెప్టెంబరు దాకా మూసేస్తారు. నీళ్లు చూస్తే పులి లేదు, పులిని చూస్తే నీళ్లు లేవు. పోనీ చలికాలం పోదామా అంటే, డిసెంబరు రాగానే అర్లి, గిన్నెధరి, సిర్పూర్ పేర్లు పేపర్ల మొదటి పేజీకెక్కుతాయి, ఒంటి అంకె ఉష్ణోగ్రతలతో. అవ్వ మోకాళ్లు ఆ వార్త చదివి ముందే ముడుచుకుంటాయి. మే నెల సంగతి చెప్పక్కర్లేదు. నలభై అయిదు డిగ్రీల్లో అడవికి పోతే చూడ్డానికి జంతువులుండవు, చూసేవాళ్లూ మిగలరు.

ఇక మిగిలింది ఫాల్గుణం, చైత్రం. మోదుగ పూసేది అప్పుడే. ఇప్పపువ్వు రాలేది అప్పుడే. టేకు ఆకు దులుపుకుని, అడవి పల్చబడి, నీళ్ల గుంట దగ్గరికి వచ్చిన దుప్పి కనపడేది అప్పుడే. పదో తరగతి పరీక్షలు అప్పుడే. మా ఆఫీసులో పద్దులు మూసేది అప్పుడే. ఈ దేశంలో ఆర్థిక సంవత్సరాన్ని మార్చి 31న ముగించాలని 1867లో నిర్ణయించిన తెల్లదొర ఎవరోగానీ, జన్మలో మోదుగ చెట్టు చూసి ఉండడు. చూసి ఉంటే అక్టోబరులో ముగించేవాడు. వడగండ్లు పడేది కూడా అప్పుడేనన్నది అన్నిటికంటే ఆఖరున తెలిసింది.

అసలు ఈ ఋతువు తత్వమే అంత. పొద్దంతా నేల కాగుతుంది. బంగాళాఖాతం నుంచి తేమగాలి వచ్చి, పైన చెప్పిన ద్రోణి గారి దారిలో పొడిగాలిని ఢీకొంటుంది. పగలు రెండింటి దాకా ఆకాశం ఏమీ ఎరగనట్టు ఉంటుంది. నాలుగింటికి ఎక్కడో ఒక మబ్బు నిలువునా లేస్తుంది. అయిదింటికి ఒక ఊళ్లో రేగుపండ్లంత రాళ్లు పడతాయి, పక్క ఊళ్లో దుమ్ము కూడా లేవదు. ఇది ఏ ఊరన్నది ముందు రోజు చెప్పడం దేవుడి తరం కూడా కాదు. అందుకే వాతావరణ శాఖ వాళ్లు తెలివిగా "ఒకటి రెండు చోట్ల" అంటారు. వాళ్ల లెక్కలో దానికి కొలత కూడా ఉంది: ఆ ప్రాంతంలోని కేంద్రాల్లో నాలుగో వంతు దాకా వాన పడితే ఒకటి రెండు చోట్ల, సగం దాకా అయితే కొన్ని చోట్ల, ఇంకా పైకి పోతే ఇంకో మాట. శాస్త్రం బాగానే ఉంది. ఆ ఒకటి రెండు చోట్లలో మా కారు ఉంటుందా ఉండదా అన్నదొక్కటే చెప్పరు.

దానికి తోడు రంగులు. గ్రీన్, ఎల్లో, ఆరెంజ్, రెడ్. జిల్లాకొక రంగు. 2016 దసరా ముందు అయితే ఈ యాత్రకు రెండు జిల్లాల సంగతి చూసుకుంటే చాలు, కరీంనగర్, ఆదిలాబాద్. ఆ దసరా నాడు జిల్లాలు విడిపోయాక ఇప్పుడు అదే దారికి కరీంనగర్, జగిత్యాల, మంచిర్యాల, నిర్మల్, ఆదిలాబాద్, అయిదు రంగులు చూడాలి. పరిపాలన ప్రజల ముంగిట్లోకి వచ్చిన మాట నిజమే. వానే ఎవరి ముంగిట్లోకి వస్తుందో తెలియడం లేదు. ఒకరోజు జగిత్యాల పసుపు, మంచిర్యాల నారింజ, ఆదిలాబాద్ ఆకుపచ్చ. "రాయపట్నం వంతెన మీద సగం దాకా పోయి ఆగుదాం బావా, అక్కడ రంగు మారుతది" అన్నాడు బామ్మర్ది. అతను నవ్వలేదు. నాకూ నవ్వు రాలేదు.

ఇంట్లో ఒక్కొక్కరికి ఒక్కో వాతావరణ కేంద్రం. మా అబ్బాయిది ఫోను. పరీక్షకు చదువుకుంటూ మధ్యమధ్య ఫోను తీసి "జన్నారం, శనివారం, నలభై శాతం" అని ప్రకటిస్తాడు. నలభై శాతం అంటే ఏమిట్రా అంటే వాడికీ తెలియదు. ఏడుగురిలో నలభై శాతం అని లెక్క కడితే ఇద్దరు పూర్తిగా, మూడోవాళ్లు మెడ దాకా తడవాలి. ఆ మూడోవాళ్లు ఎవరన్న దాని మీద ఇంట్లో ఏకాభిప్రాయం ఉంది. నేనే.

బామ్మర్ది ల్యాప్‌టాప్‌లో ఒక షీట్ తయారు చేశాడు. ప్లాన్ ఏ, ప్లాన్ బి, ప్లాన్ బి-టూ. వాన పడితే కుంటాల బదులు బాసర, గాలి వస్తే బాసర బదులు నిర్మల్, రెండూ వస్తే ఇల్లు. "ఇల్లు" అన్న గడికి ఆకుపచ్చ రంగు వేశాడు. మా ఆవిడది చుట్టాల వ్యవస్థ. ప్రభుత్వం ఎన్ని చోట్ల యంత్రాలు పెట్టిందో గానీ, ఆమెకు మండలానికి ఇద్దరు చొప్పున ఉన్నారు. ఫోను చేసి "మీ దిక్కు ఎట్లున్నది?" అంటే చాలు, వాన, గాలి, కోడలి తీరు, ఎదురింటివాళ్ల గేదె, అన్నీ వస్తాయి. ఉగాది నాడు గుళ్లో పంచాంగం విన్నాం. ఈ ఏడు కురిసే వానలో సముద్రం మీద ఇన్ని భాగాలు, పర్వతాల మీద ఇన్ని భాగాలు, భూమి మీద ఇన్ని భాగాలు అని పంతులుగారు పంచిపెట్టారు. మెట్టపల్లి, కోరుట్ల అని విడగొట్టి చెప్పమని అడుగుదామనుకున్నాను గానీ మా ఆవిడ మోచేత్తో పొడిచింది.

అవ్వకు మాత్రం ఇవేవీ పట్టవు. ఆమెకు మిరపకాయలున్నాయి.

ప్రయాణానికీ మిరపకాయలకూ ఏం సంబంధమని మీరడగొచ్చు. నేనూ అడిగాను. జవాబు రాలేదు, ఒక చూపు వచ్చింది.

మా ఇంట్లో కారం కొనరు. కొన్న కారంలో ఇటుక పొడి కలుపుతారని అవ్వకు ఖాయంగా తెలుసు. ఆమె చూడలేదు, ఆమెకు చెప్పినామె కూడా చూడలేదు. అయినా అది ఎప్పుడో రుజువైపోయిన విషయం. అందుకని ఏటా ఈ రోజుల్లోనే ఏడాదికి సరిపడా కాయలు దిగుతాయి, తెలిసినవాళ్ల ద్వారా, వరంగల్ ఎనుమాముల మార్కెట్ నుంచి. ఘాటుకు తేజ, రంగుకు చపాట. చపాట పొట్టిగా, బొద్దుగా, దూరం నుంచి టమాటేమో అన్నట్టుంటుంది. కారం తక్కువ, ఎరుపు ఎక్కువ. 2025లో దానికి జీఐ ట్యాగ్ వచ్చిందని పేపర్లో పడ్డప్పుడు అవ్వ ఆ ముక్క కత్తిరించి దేవుడి గూట్లో పెట్టింది. "నేను ముప్పయ్యేండ్ల సంది చెప్తలేనా?" అన్నది. ఢిల్లీ వాళ్లకు ఇన్నేళ్లు పట్టింది, వాళ్ల ఖర్మ. తేజ ఎంత, చపాట ఎంత, ఏ పాళ్లలో కలపాలన్నది ఇంకా రహస్యమే. మా ఆవిడ కాపురానికొచ్చి ఇరవై ఏళ్లు దాటింది, అంత లోతు విషయాలు కొత్త కోడలికి అప్పుడే చెప్పరు.

ఈ కాయలు డాబా మీద పాత చీరెల మీద పరవాలి. పొద్దు కొంచెం ఎక్కగానే పరవాలి, మధ్యాహ్నం ఒకసారి తిరగెయ్యాలి, చల్లగాలి తిరగకముందే ఎత్తాలి. ఎత్తేటప్పుడు తుమ్మాలి. ఇంటిల్లిపాదీ తుమ్మకపోతే ఆ ఏటి కారం నాసిరకమని లెక్క. సాయంత్రం అవ్వ ఒక కాయ తీసుకుని చెవి దగ్గర పెట్టుకుని మెల్లగా ఊపుతుంది. కళ్లు మూసుకుంటుంది. ఆ కాసేపు ఇంట్లో టీవీ కూడా గొంతు తగ్గించాలి. లోపల గింజలు గలగలమంటే సరే. మెత్తగా, బరువుగా చప్పుడొస్తే పెదవి విరుస్తుంది. తర్వాత తొడిమ దగ్గర పట్టుకుని వంచుతుంది. పటుక్కున విరగాలి. తోలులాగా వంగిందా, "ఇంకా రెండెండలు గావాలె" అని తీర్పు. అప్పీలు లేదు. పచ్చి ఉన్న కాయ గిర్నికి పోతే రాయికి అంటుకుంటుంది, గిర్ని ఆయన పదిమందిలో పరువు తీస్తాడు, పట్టిన కారం ఆషాఢానికల్లా బూజు పడుతుంది. ఇన్ని ప్రమాదాల ముందు ఒక జలపాతం ఎంత?

ఇప్పుడు చిక్కు చూడండి. ఎండ ఫెళ్లున కాస్తే అది ప్రయాణానికి మంచి రోజు. "ఎండ మంచిగ గొడ్తున్నది, గిసొంటి రోజు ఇడిశిపెట్టి యాడికి పోతర్రా? మిరపకాయలు ఎవలు సూస్తరు?" మబ్బు పడితే మిరపకాయలు లోపలికి చేరతాయి, అవ్వ చేతులు ఖాళీ. "మబ్బు వట్టింది, గిసొంటి రోజు అడివికి పోతర్రా ఎవలన్న?" ఎండ ఉంటే పోలేం, ఎండ లేకపోతే పోలేం. తర్కం చదువుకున్నవాళ్లు దీన్ని ఉభయతఃపాశం అంటారు. మా ఇంట్లో మార్చి నెల అంటారు.

పక్కింటి వాళ్లకు అప్పగించి పోదామన్నాను. వాళ్ల కాయలు వాళ్ల డాబా మీదున్నాయి. అవి వట్టి తేజ. కలిసిపోతే? ఒక ఏడు కలిసిపోయాయట, నేను పుట్టకముందు, వేరే ఊళ్లో, ఎవరికో. ఆ రెండు కుటుంబాలు ఇప్పటికీ మాట్లాడుకోవట. సరే, మేడ మీద గది ఉంది కదా, అందులో ఫ్యాను కింద పెడదామన్నాను. ఫ్యాను గాలికి కాయ ఎండదట, అలుగుతుందట. చివరికి బామ్మర్ది ఒక ఉపాయం చెప్పాడు. "మిర్చి కారు మీద క్యారియర్‌కు కట్టుకొని పోదాం బావా. గంటకు అరవై కిలోమీటర్ల గాలి, పైన ఎండ. జన్నారం చేరేసరికి పటపట విరుగుతయ్." అతను వెటకారంగా అన్నాడు. అవ్వ నిజంగా ఆలోచించింది. "దుమ్ము?" అన్నది కాసేపాగి. పాత చీరె ఒకటి కింద, ఒకటి పైన కప్పితే ఎట్లుంటుందని కూడా అడిగింది. అడవి చెక్‌పోస్టు దగ్గర కారు ఆపి, పైన ఏముందని అడిగితే, తేజ ఎంత, చపాట ఎంత అన్నది తప్ప అన్నీ చెప్పేస్తామని మా అబ్బాయి అన్నాడు.

ఇది చాలదన్నట్టు కోతులు. కరీంనగర్‌లో డాబా ఉన్నవాళ్లకు కోతుల గురించి నేను చెప్పేదేముంది. కోతి మిరపకాయ తినదు. కొరుకుతుంది. మొహం చిట్లిస్తుంది. తనను మోసం చేసినట్టు మన వైపు చూస్తుంది. తర్వాత పక్క కాయ తీసుకుని, ఇది కూడానా అన్నట్టు అదీ కొరుకుతుంది. కుప్పలోని ఒక్కో కాయనూ విడివిడిగా పరీక్షించనిదే దానికి నమ్మకం కుదరదు. అందుకని కర్ర పట్టుకుని కాపలా, వంతులవారీగా. ఇంత చేసిన కోతిని ఏం చేస్తారు? నిర్మల్ దగ్గర చించోలిలో 2020 డిసెంబరులో వీటి కోసం ప్రత్యేకంగా పునరావాస కేంద్రమే తెరిచారు. పట్టుకుని, బండెక్కించి, అక్కడికి తీసుకుపోయి, కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేసి, కోలుకున్నాక అడవిలో వదులుతారు. రానూ పోనూ ఖర్చు లేదు, వసతి ఉచితం, చివర అడవి దర్శనం. మా డాబా మీది కోతికి నిర్మల్ యాత్ర రాసిపెట్టి ఉంది, మాకు లేదు. ఆపరేషన్ ఒక్కటే కొంచెం ఆలోచించాల్సిన విషయం.

కోతి సరే, పులి సంగతి చూడండి. 2024 అక్టోబరు, నవంబరు నెలల్లో జానీ అనే మగపులి మహారాష్ట్ర వైపు నుంచి ఆదిలాబాద్ అడవుల్లోకి వచ్చి, నిర్మల్ దిక్కు తిరిగి, మళ్లీ ఉట్నూరు వైపు మళ్లి, నెల రోజుల్లో దాదాపు 300 కిలోమీటర్లు నడిచిందని పేపర్లన్నీ రాశాయి. తోడు వెతుక్కుంటూ అంత దూరం వచ్చిందట. నాలుగు వరుసల హైవే కూడా దాటింది. మా అమ్మాయి ఆ దారినంతా మ్యాపు మీద గీసి చూపించింది. ఇంచుమించు మా ప్లాన్ ఏ. పోదామా వద్దా అని అది ఎవర్నీ అడగలేదు. షీటు తయారు చేయలేదు. ఒక బసకు ముందే డబ్బు కట్టి, తేదీ మార్చమంటే "రద్దు చేసుకోవచ్చు సార్, డబ్బు మాత్రం రాదు" అన్న మర్యాదస్తుడితో ఫోన్లో మాట్లాడే బాధ దానికి లేదు. నేను ఆ మర్యాదస్తుడితో చాలాసేపు మాట్లాడాను. వాన నా చేతిలో ఉందా అన్నాను. తన చేతిలోనూ లేదన్నాడు. డబ్బు మాత్రం అతని చేతిలోనే ఉంది.

నిజం చెప్పాలంటే నాకు కోపం మబ్బు మీద కాదు. మోదుగ పూత ఎన్నాళ్లో ఉండదు. హోలీ పున్నానికి గూడేల్లో ఆ పూలు నానబెట్టి రంగు చేస్తారు. తర్వాత కొన్నాళ్లకు కొమ్మ మీద ఎర్రదనం పోయి ఆకు వస్తుంది. ఇప్పపువ్వు అయితే ఇంకా విచిత్రం, తెల్లవారుజామున రాలుతుంది. ఎండెక్కకముందే ఆడవాళ్లు బుట్టలతో చెట్ల కింద ఉంటారు. ఉట్నూరులో ఆదివాసీ మహిళలు ఆ పువ్వుతో లడ్డూలు చేస్తున్నారని తెలిసిన నాటి నుంచి మా అమ్మాయి అదే కలవరిస్తోంది. ఇవన్నీ మనం పద్దులు మూసి, పరీక్షలు రాసి, మిర్చి ఎండబెట్టుకుని వచ్చేదాకా ఆగుతాయా? పిల్లలు కూడా ఆగరు. అమ్మాయి వచ్చే ఏడు ఏ ఊళ్లో చదువుతుందో తెలియదు. ఏడుగురం ఒక కారులో పట్టే ఏళ్లు ఎన్ని మిగిలాయో లెక్క పెట్టుకోవాలంటే భయం.

మధ్యలో ఒక శుక్రవారం అన్నీ కలిసొచ్చాయి. అబ్బాయికి పరీక్షకూ పరీక్షకూ నడుమ ఖాళీ. అవ్వ చెవి దగ్గర కాయ గలగలమన్నది. ఫోన్లో సున్నా శాతం. అయిదు జిల్లాలూ ఆకుపచ్చ. మా ఆవిడ, ఎందుకైనా మంచిదని, మెట్టపల్లి దగ్గర ఊళ్లో ఉండే మా చిన్నాయినకు ఫోన్ చేసి స్పీకర్ పెట్టింది. "చిన్నమామయ్యా, అక్కడ వానేమన్నా పడ్డదా?"

అటు కాసేపు చప్పుడు లేదు. "పడ్డది బిడ్డా" అన్నాడు. "రాత్రి. ఒక్క గడియ. గాలికి టార్పాలిన్ లేశిపోయింది. పసుపు కల్లంలనే ఉండె. సగం తడిశింది." మళ్లీ కాసేపాగి, "గింత దూరం నుంచి యాదికుంచుకొని అడిగినవు, సంతోషం బిడ్డా" అన్నాడు.

మా ఆవిడ నా వైపు చూసింది. విహారయాత్ర కోసం అడిగానని ఆమె ఎట్లా చెప్తుంది? "జాగ్రత్త మామయ్యా" అని పెట్టేసింది.

పసుపు తొమ్మిది నెలల పంట. జూన్‌లో పెట్టిన దుంపను ఈ రోజుల్లో తవ్వి, కొమ్ములు విరిచి, డ్రమ్ముల్లో ఉడకబెట్టి, కల్లంలో పోసి పదిపదిహేను రోజులు ఎండబెట్టాలి. ఉడికిన కొమ్ము తడిస్తే రంగు పోతుంది. రంగు పోయిన పసుపును నిజామాబాద్ యార్డులో చేత్తో పట్టుకుని చూసి పక్కన పడేస్తారు. ఆయనకూ రెండెండలే కావాలి, మా అవ్వకు లాగే. అవ్వకు ఆ రెండెండలు దొరక్కపోతే కారం కొనుక్కుంటాం. 2023 మార్చిలో వడగండ్లు కొట్టినప్పుడు మొక్కజొన్న, వరి, మామిడి పిందె నేలపాలైతే, అప్పటి ముఖ్యమంత్రి కరీంనగర్ జిల్లాకు కూడా వచ్చి పంటలు చూసి ఎకరాకు 10,000 రూపాయలన్నారు. ఆ వారం నేను ఏం చేస్తున్నానో గుర్తులేదు. బహుశా ఎండ తగ్గిందని హాయిగా నిద్రపోయి ఉంటాను.

శనివారం జన్నారం పోలేదు. బామ్మర్ది, నేను రెండు కొత్త టార్పాలిన్లు కొని మెట్టపల్లి దిక్కు పోయాం. చిన్నాయిన పైసలు తీసుకొమ్మని పట్టుబట్టాడు, మేం వద్దని పట్టుబట్టాం, పిన్ని మధ్యలో టీ తెచ్చింది. తడిసిన కుప్పను విడదీసి పలచగా నెరిపి ఉంచారు. ఒక కొమ్ము విరిచి చూపించాడు, లోపల రంగు ఇంకా ఉంది. వచ్చేటప్పుడు కారు దాకా వచ్చి, ఆకాశం దిక్కు చూసి, నా చెవి దగ్గర అడిగాడు: "మీరేదో అడివికి పోతరట గద? వాన గొడ్తె పులి బయటకొస్తదా, లోపల్నే పంటదా?"

"నీకెవరు చెప్పిండ్రు చిన్నాయినా?"

"మీ అవ్వ. పదిరోజుల సంది రోజు జేస్తున్నది. ఆమె మిరపకాయలు, నా పసుపు. పొద్దుగాల లేశి మబ్బు సంగతి మాట్లాడుకుంటం."

ఇంట్లో ఇన్ని కేంద్రాలుండగా అసలైనది ఎక్కడుందో అప్పుడు తెలిసింది.

ఏప్రిల్‌లో, చివరి పరీక్ష అయిపోయాక, పద్దులు మూసేశాక, కారం పట్టించాం. గిర్ని ఆయన ఒక చిటికెడు వేలి మీద వేసుకుని చూసి, ఏమీ అనలేదు. అవ్వకు అంతకన్నా పెద్ద సన్మానం లేదు. ఎల్లిపాయ, ఉప్పు, మెంతుల పొడి కలిపి జాడీలకెత్తాం. ఆమె చేతులు కడుక్కుంటుండగానే బామ్మర్ది షీట్ తెరిచాడు. ఎండ అప్పటికే నలభైకి దగ్గర పడింది. మోదుగ ఆకేసింది. అయినా సరే, ఇప్పపువ్వయినా దొరుకుతుంది, ఎల్లుండి పోదాం అనుకున్నాం.

"పోండ్రి" అన్నది అవ్వ. అంత తేలిగ్గా అన్నదంటేనే నాకు అనుమానం రావాల్సింది. వంటింట్లోంచి ప్లాస్టిక్ డబ్బాలు వరుసగా వచ్చాయి. ఒకటి లక్సెట్టిపేట పెద్దత్తకు. ఒకటి ఖానాపూర్ నడిపత్తకు. ఒకటి ఇచ్చోడ చిన్నత్తకు. "అటే పోతున్నరు గద. ఆడిబిడ్డల ఇండ్ల మీదికెళ్లి వట్టి చేతులతోని పోతరా? పుట్టింటి కారం, సంవత్సరానికోసారి." ఖానాపూర్ మా దారిలో లేదని బామ్మర్ది మ్యాపు చూపించబోయాడు. అవ్వ మ్యాపు వైపు చూడలేదు. ఆడిబిడ్డ ఉన్న ఊరు దారిలో లేకపోవడమనేది ఉండదు.

బామ్మర్ది పొద్దుపోయేదాకా కూర్చుని కొత్త షీట్ చేశాడు. పాత గడుల్లో వాన, గాలి, ఉరుము ఉండేవి. కొత్త గడుల్లో అత్త పేరు, కారం కిలోలు, టీయా భోజనమా అన్నది. పెద్దత్త దగ్గర పొద్దుటి నాస్తా, గంట. నడిపత్త దగ్గర భోజనం; నాటుకోడి కోయకుండా ఆమె పంపదు, కోసి వండేసరికి మూడు గంటలు. చిన్నత్త ఇంట్లో రాత్రి పడుకోకపోతే తమ్ముడి కొడుకు మారిపోయాడని ఊరంతా చెప్తుంది. మిగిలిన సమయం అడవికి. మిగిలిన సమయం నలభై నిమిషాలు. పులి కనపడుతుందని అడవి వాళ్లు కూడా హామీ ఇవ్వరు. అత్తలు మాత్రం ముగ్గురూ కనపడతారు.

సరే, పొద్దున నాస్తాకు వస్తున్నామని చెప్దామని మా ఆవిడ పెద్దత్తకు ఫోన్ చేసింది.

"అయ్యో బిడ్డా, ఎల్లుండేనా?" అన్నది పెద్దత్త. "నిన్ననే వడియాలు పెట్టిన. మీకు పంపుదామనే. ఇంకా రెండెండలు గావాలె. అవి ఎండినంక రారాదుండ్రి?"